మూలప్రతిని వదులుకునే అధికారం ఎవరిది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల పౌర గ్రంథాలయ శాఖల సంచాలకులకు, జిల్లా గ్రంథాలయ సంస్థల అధ్యక్షులకు, కార్యదర్శులకు, రాష్ట్ర అభిలేఖాగారాల అధికారులకు బహిరంగ లేఖ

మాన్యులారా,

పాత తెలుగు పుస్తకాలు, పత్రికలు బీరువాల్లో పొడిపొడిగా రాలిపోతున్నాయని పాఠకులు, పరిశోధకులు మొరపెట్టుకున్నప్పుడల్లా పాలనాయంత్రాంగం నుంచి తరచుగా వినిపించే సమాధానం ఒకటుంది: వాటిని స్కాన్ చేయించడం జరిగింది, మిగిలినవాటిని త్వరలో చేయించడం జరుగుతుంది. స్కానింగు అవసరమైన పనే, దూరప్రాంతాల పాఠకుడికి అది పుస్తకాన్ని చేరువ చేసింది, అందులో వివాదం లేదు. అయితే స్కాన్ పూర్తయింది గనుక మూలప్రతి పట్ల సంస్థ బాధ్యత తీరిపోయిందనీ, శిథిలమైన కాగితాన్ని తూకానికి అమ్మినా, కట్టగట్టి మెట్లకింద పడవేసినా నష్టం లేదనీ భావించే వైఖరి ఆ సమాధానం వెనుక స్థిరపడుతున్నది. ఆ వైఖరి శాస్త్రపరంగా తప్పు, పాలనాపరంగా బాధ్యతారహితం, తెలుగు సమాజానికి తిరిగి పూడ్చుకోలేని నష్టం. అందుకే ఈ లేఖ మీకు, మీ పదవులకు, ఆ పదవులతోపాటు సంక్రమించిన ధర్మానికి ఉద్దేశించినది.

మీ పర్యవేక్షణలో ఉన్న పాత సేకరణలలో గణనీయమైన భాగం ప్రభుత్వ ధనంతో కొన్నది కాదు. 1898లో రాజమహేంద్రవరంలో వడ్డాది సుబ్బారాయుడు నెలకొల్పిన వసురాయ గ్రంథాలయం తరువాతి కాలంలో గౌతమీ గ్రంథాలయంగా విస్తరించింది. 1901లో, నిజాం పాలనలోని హైదరాబాదులో తెలుగుకు ఆదరణ కరవైన రోజుల్లో, కొమర్రాజు లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు ప్రభృతుల కృషితో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం ఏర్పడ్డాయి. 1914లో విజయవాడలో అయ్యంకి వెంకటరమణయ్య పూనికతో గ్రంథాలయాల ప్రతినిధులు తొలిసారి మహాసభగా సమావేశమయ్యారు. 1935లో పాతూరి నాగభూషణం పెదపాలెం నుంచి కాలువ మీద పడవలో పుస్తకాలను ఊరూరికీ పంపించారు. వీటిలో కొన్ని సంస్థలు ప్రభుత్వ అధీనంలోకి వచ్చాయి, కొన్ని నేటికీ స్వతంత్రంగా నడుస్తూ ప్రభుత్వ సహాయం కోసం ఎదురుచూస్తున్నాయి. రైతులు, ఉపాధ్యాయులు, వకీళ్లు, వర్తకులు చందాలిచ్చి కూడబెట్టిన ఆ పుస్తకాలకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమే. ధర్మకర్తకు తన సంరక్షణలోని ఆస్తిని పెంచే హక్కు ఉంటుంది, తరిగిపోనిచ్చే హక్కు ఎక్కడిది?

ఆ ధర్మకర్తృత్వానికి చట్టపరమైన రూపం కూడా ఉంది. 1960 నాటి పౌర గ్రంథాలయ చట్టం ప్రకారం ప్రతి గృహస్థుడూ తన ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ సెస్సు, అంటే పన్ను రూపాయికి 8 పైసల చొప్పున అదనపు రుసుము, స్థానిక సంస్థకు చెల్లిస్తున్నాడు. ఆ సొమ్మును స్థానిక సంస్థ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయవలసి ఉంటుంది. పుస్తకం ముఖమే చూడని కుటుంబం కూడా ఏళ్ల తరబడి ఈ భారం మోస్తున్నదంటే, గ్రంథాలయం ఊరందరి ఉమ్మడి జ్ఞాపకమన్న నమ్మకాన్ని చట్టం ఆ కుటుంబం పక్షాన ప్రకటించిందని అర్థం. ఆ సెస్సులో ఎంత భాగం సకాలంలో గ్రంథాలయ సంస్థలకు చేరుతున్నది, చేరినదానిలో ఎంత భాగం పాత కాగితం సంరక్షణకు ఖర్చవుతున్నది? ఈ రెండు ప్రశ్నలకు ప్రతి జిల్లా నుంచీ అంకెలతో కూడిన సమాధానం ప్రజల ముందుంచడం మీ కనీస బాధ్యత కాదా?

సమస్య తీవ్రత అర్థం కావాలంటే కాగితం ఎందుకు నశిస్తుందో తెలియాలి. పూర్వం కాగితాన్ని నూలు, నార గుడ్డపీలికల గుజ్జుతో చేసేవారు. అందులోని సెల్యులోజ్, అంటే మొక్కల నారకు బలమిచ్చే పొడవైన అణుగొలుసు, దృఢంగా ఉండేది గనుక నాలుగైదు వందల ఏళ్ల నాటి కాగితం నేటికీ మడత పెట్టినా విరగదు. 19వ శతాబ్దంలో యంత్రాల వేగానికి గుడ్డపీలికలు చాలకపోవడంతో రెండు మార్పులు వచ్చాయి. సిరా పీల్చుకుపోకుండా కాగితానికి పటిక, పైన్ చెట్ల బంక నుంచి తీసే రోజిన్ కలిపే పద్ధతిని 1807లో జర్మనీకి చెందిన ఇల్లిగ్ ప్రకటించాడు. 1840లలో అదే దేశపు కెల్లర్ కర్రను అరగదీసి గుజ్జు చేసే విధానాన్ని కనిపెట్టాడు. పటిక గాలిలోని తేమతో కలిసి ఆమ్లాన్ని పుట్టిస్తుంది, ఆ ఆమ్లం సెల్యులోజ్ గొలుసులను తుంచుతూ పోతుంది. కర్రగుజ్జులో మిగిలిపోయే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురు సోకి పసుపుపచ్చగా మారి మరింత ఆమ్లాన్ని తయారుచేస్తుంది. అందువల్ల ఆ కాగితానికి శత్రువు బయటినుంచి రానక్కరలేదు, తయారైన నాటినుంచే అది లోపల ఉంటుంది. అమెరికాలో విలియం బారో అనే సంరక్షకుడు 1900-1949 మధ్య అచ్చయిన పుస్తకాల కాగితాన్ని పరీక్షించి, వాటిలో అత్యధిక భాగానికి మరో 50 ఏళ్ల ఆయుర్దాయమైనా లేదని 1959లో వెల్లడించినప్పుడు గ్రంథాలయ ప్రపంచం దిగ్భ్రాంతి చెందింది.

తెలుగు ముద్రణ చరిత్రను ఈ రసాయన చరిత్ర పక్కన పెట్టి చూస్తే మీ బాధ్యత ఎంత బరువైనదో స్పష్టమవుతుంది. కందుకూరి వీరేశలింగం వివేకవర్ధని 1874లో మొదలైంది. మచిలీపట్నం నుంచి కృష్ణాపత్రిక 1902లో, బొంబాయి నుంచి కాశీనాథుని నాగేశ్వరరావు ఆంధ్రపత్రిక వారపత్రికగా 1908లో, మద్రాసు నుంచి దినపత్రికగా 1914లో వెలువడ్డాయి. విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి 1906లో, భారతి 1924లో, సురవరం ప్రతాపరెడ్డి గోల్కొండ పత్రిక 1926లో, వట్టికోట ఆళ్వారుస్వామి దేశోద్ధారక గ్రంథమాల 1938లో ఆరంభమయ్యాయి. సంఘసంస్కరణ, భాషావివాదం, జాతీయోద్యమం, గ్రంథాలయోద్యమం, నిజాం రాష్ట్రంలో ఆంధ్రోద్యమం, ఆధునిక కథ, నవల, భావకవిత్వం, ఇవన్నీ అచ్చులోకి వచ్చిన ఆ ముప్పావు శతాబ్దమే ప్రపంచంలో అత్యంత బలహీనమైన కాగితం తయారైన కాలం కూడా. తెలుగు సమాజం తనను తాను మార్చుకున్న తీరుకు ప్రధాన సాక్ష్యం ఆ కాగితం మీదే ఉంది. వేసవిలో నలభై డిగ్రీలు దాటే ఎండ, వర్షాకాలంలో గోడలు చెమర్చే తేమ ఆ క్షయాన్ని ఇంకా వేగవంతం చేస్తాయి, ఎందుకంటే వేడి పెరిగినకొద్దీ ఆమ్లచర్య వేగం పెరుగుతుంది, తేమ పెరిగినకొద్దీ బూజుకు, రామబాణం పురుగుకు, చెదకు ఆశ్రయం దొరుకుతుంది. రెండు వందల ఏళ్ల నాటి తాళపత్రం చెక్కుచెదరకుండా ఉండగా, తొంభై ఏళ్ల నాటి వారపత్రిక తాకగానే విరగడం వెనుక ఉన్న కారణం ఇదే.

ఇంత బలహీనమైన వస్తువును కాపాడటం దుస్సాధ్యం గనుకే స్కాన్ చేస్తున్నామన్న వాదన పైకి సమంజసంగా కనిపిస్తుంది. ఆ వాదనలో రెండు దోషాలున్నాయి. మొదటిది, స్కాన్ అన్నది పుస్తకంలోని అక్షరాల ఛాయ, అదీ ఒక నాడు, ఒక యంత్రంతో, ఒక పనివాడు తీసుకున్న మేరకే. భారత డిజిటల్ లైబ్రరీ పథకం కింద ఈ శతాబ్ది తొలి దశకాల్లో వేలాది తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి, ఆ కృషికి తెలుగు పాఠకలోకం ఎప్పటికీ రుణపడి ఉంటుంది. అయినా ఆ ప్రతులను వాడే పరిశోధకులందరికీ వాటి లోపాలు అనుభవమే. పుటలు జారిపోయినవి, అంచు అక్షరాలు తెగిపోయినవి, ఒక పుస్తకానికి మరో పుస్తకం పేరు తగిలించినవి వాటిలో అనేకం. అధికభాగం నలుపు తెలుపు రెండే రంగుల పద్ధతిలో తీసినవి, అంటే కాగితం మీది ప్రతి బిందువునూ యంత్రం నలుపనో తెలుపనో తేల్చివేసింది, మధ్యఛాయలు మిగల్లేదు. పాత అచ్చులో అరసున్న ఉన్నదా లేక అది కాగితపు మరకా అన్నది అటువంటి ప్రతిలో తేలదు. రకారాన్ని సూచించే వలపలగిలక వెలిసిపోయిన చోట పదరూపమే మారిపోతుంది. పాఠపరిష్కర్తకు, భాషాశాస్త్రజ్ఞుడికి, నిఘంటుకర్తకు ఆ చిన్న గుర్తులే ఆధారం. సందేహం వచ్చినప్పుడు తిరిగి చూసుకోవడానికి మూలప్రతి లేకపోతే ఆ సందేహం శాశ్వతంగా మిగిలిపోతుంది.

పుస్తకమంటే అక్షరాలు మాత్రమే కాదు. అట్ట మీది బొమ్మ, వెనుక అట్ట మీది ధరల పట్టిక, మందుల, నూలు మిల్లుల, నాటక సమాజాల ప్రకటనలు, చందాదారుల జాబితా, ఆ ప్రతి ఏ ఊరి ఏ పఠనమందిరం నుంచి వచ్చిందో చెప్పే రబ్బరుముద్ర, పాఠకుడు అంచున రాసుకున్న వ్యాఖ్య, కాగితపు జాతి, అచ్చు ఒత్తిడి లోతు, కుట్టు విధానం, ఇవన్నీ చరిత్రకారుడికి విలువైన సాక్ష్యాలు. ఒక కాలంలో ఎవరు ఏమి చదివారో, ఏ వస్తువు ఏ ధరకు దొరికిందో, ఏ ఊరికి ఏ పత్రిక చేరిందో చెప్పేవి చాలాసార్లు ఆ ప్రకటనలూ ముద్రలే. శాసనానికి కాగితపు అచ్చు తీసుకున్నంత మాత్రాన శాసనశిలను పగలగొట్టి బాటకు కంకరగా వాడమని ఏ పురావస్తు అధికారీ ఉత్తర్వు ఇవ్వడు. శిలకు వర్తించే న్యాయం కాగితానికి ఎందుకు వర్తించదు?

రెండో దోషం, డిజిటల్ ప్రతి దానంతట అది నిలిచేది కాదు. కాగితాన్ని చీకటి గదిలో వదిలివేస్తే అది మెల్లగా పాడవుతుంది. డిజిటల్ ప్రతిని అలా వదిలివేస్తే కొన్నేళ్లకే అందకుండా పోవచ్చు, ఎందుకంటే డిస్కు చెడిపోవచ్చు, ఫైలు రూపం వాడుక తప్పవచ్చు, సర్వరు అద్దె చెల్లించే పద్దు ఆగిపోవచ్చు. భారత డిజిటల్ లైబ్రరీ వెబ్‌సైటే కొంతకాలానికి మూతపడింది, ఆ తెలుగు పుస్తకాలు నేడు చాలామందికి అందుతున్నాయంటే వాటి నకళ్లు విదేశంలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే స్వచ్ఛంద సంస్థ వద్ద ఉండటమే కారణం. ఒక జాతి ముద్రిత వారసత్వానికి హామీ మరో దేశపు స్వచ్ఛంద సంస్థ ఔదార్యమే కావడం రెండు ప్రభుత్వాలకూ గౌరవమా?

నకలు చేతికి రాగానే అసలును పారవేయడం వల్ల ఏమవుతుందో ఇతర దేశాల అనుభవం ఇప్పటికే చెప్పింది. 20వ శతాబ్దం ద్వితీయార్ధంలో అమెరికాలోని పెద్ద గ్రంథాలయాలు పాత దినపత్రికలను మైక్రోఫిల్ముగా, అంటే పుటలను అతి చిన్న ఛాయాచిత్రాలుగా కుదించిన ఫిల్ము చుట్టలుగా, మార్చి, మూలప్రతుల సంపుటాలను వదిలించుకున్నాయి. ఆ ఫిల్ములో మసకబారిన పుటలు, తప్పిపోయిన సంచికలు, రంగు కోల్పోయిన చిత్రాలు ఉన్నాయని గుర్తించేనాటికి అసలు సంపుటాలు చాలావరకు చెదిరిపోయాయి. 1999లో బ్రిటిష్ లైబ్రరీ తన వద్దనున్న అమెరికన్ పత్రికల సంపుటాలను అమ్మకానికి పెట్టినప్పుడు, నికల్సన్ బేకర్ అనే రచయిత ఒక సంస్థను ఏర్పరచి, సొంత డబ్బు కూడా వెచ్చించి వాటిలో పెద్దభాగాన్ని కొని కాపాడాడు, 2001లో డబుల్ ఫోల్డ్ అనే గ్రంథంలో ఆ విధ్వంసాన్ని దేశం ముందుంచాడు. ఆ సంపుటాలు 2004లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చేరాయి. సంపన్న దేశపు సంస్థలే చేసి చింతించిన తప్పును, దాని ఫలితం తెలిసిన తరువాత కూడా, తెలుగునేల మీద పునరావృతం చేయడానికి ఏ కారణం చూపగలరు?

తెలుగు పుస్తకాల విషయంలో ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే వాటికి చట్టం కల్పించిన రక్షణ చాలా పలుచనిది. 1972 నాటి పురావస్తు, కళాఖండాల చట్టం కనీసం 75 ఏళ్లు నిండిన విలువైన రాతప్రతులను రక్షిత వస్తువులుగా గుర్తిస్తుంది; 2003లో మొదలైన జాతీయ రాతప్రతుల మిషన్ తన నిర్వచనంలో ముద్రిత గ్రంథాలు, రాతిఅచ్చు ప్రతులు రాతప్రతుల కిందికి రావని స్పష్టంగా చెప్పింది; 2025-26 కేంద్ర బడ్జెట్‌లో కోటికి పైగా ప్రతుల సర్వే, సంరక్షణ కోసం ప్రకటించిన జ్ఞానభారతం మిషన్ కూడా రాతప్రతులకు ఉద్దేశించినదే. తాళపత్రాలకు, చేతిరాత కాగితాలకు దక్కుతున్న ఆ శ్రద్ధ ఎంతైనా అవసరమైనదే. అయితే వందేళ్ల నాటి అచ్చుపుస్తకం ఏ మిషన్ పరిధిలోకీ రాకుండా మిగిలిపోయింది. తాళపత్రం కన్నా తొందరగా నశించే వస్తువుకు అన్నింటికన్నా తక్కువ రక్షణ ఉండటం విధానంలోని పెద్ద లోపం, దానిని పూడ్చగల అధికారం రాష్ట్రాల గ్రంథాలయ శాఖలకే ఉంది.

ముద్రిత ప్రతులు మరెక్కడో భద్రంగా ఉంటాయిలే అన్న ధీమాకు కూడా ఆధారం లేదు. 1954 నాటి పుస్తకాల అందజేత చట్టం ప్రకారం ప్రచురణకర్తలు కొత్త పుస్తకాల ప్రతులను పంపవలసిన నాలుగు గ్రంథాలయాలు కోల్‌కతా, చెన్నై, ముంబయి, ఢిల్లీ నగరాల్లో ఉన్నాయి, వాటిలో ఒక్కటీ తెలుగు రాష్ట్రాల్లో లేదు. అంతకు ముందు 1867 నాటి ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టం కింద మద్రాసు రాజధానిలో అచ్చయిన పుస్తకాల ప్రతులు ప్రభుత్వానికి చేరేవి. ఆ చట్టం బ్రిటిష్ ఇండియాకు వర్తించినది, నిజాం రాష్ట్రం దాని పరిధికి వెలుపలిది. అందువల్ల గోల్కొండ పత్రిక, దేశోద్ధారక గ్రంథమాల, అణా గ్రంథమాల వంటి తెలంగాణ ప్రచురణల ప్రతులు ఎక్కడైనా నిలిచాయంటే, ఆనాటి పఠనమందిరాలు, వ్యక్తులు దాచుకోవడం వల్లనే చాలావరకు నిలిచాయి. మీ సంస్థల్లో ఒక మూలన పడి ఉన్న ప్రతి లోకంలో మిగిలిన చివరి ప్రతి కావచ్చు. అది చివరిది కాదని తేల్చుకునే ఉమ్మడి పట్టిక, అంటే ఏ పుస్తకం ఏ గ్రంథాలయంలో ఉన్నదో ఒకే చోట చూపే జాబితా, పాత తెలుగు ముద్రణలన్నింటికీ సమగ్రంగా తయారుకాకుండానే తొలగింపు ఉత్తర్వులపై సంతకం చేయడం ఏ న్యాయం?

నిర్లక్ష్యంతో పాటు, మరమ్మతు పేరిట జరిగే హానిని కూడా ఇక్కడ ప్రస్తావించక తప్పదు. చిరిగిన పుటకు సెల్లోటేపు అంటిస్తే కొన్నేళ్లకు దాని జిగురు కాగితంలోకి ఇంకి గోధుమరంగు మచ్చగా మారి అక్షరాన్ని మింగివేస్తుంది. అంచులు ఎగుడుదిగుడుగా ఉన్నాయని బైండింగు సమయంలో కట్టరుతో మూడు వైపులా కోసివేస్తే అంచురాతలు పోతాయి, మళ్లీ బైండు చేసే వీలూ పోతుంది. పాత కుట్టు విప్పకుండా పక్కనుంచి ఇనుప తీగతో గుచ్చితే పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, పెళుసు కాగితం ఆ తీగ వెంబడే విరుగుతుంది. పుటలను ప్లాస్టిక్ పొరల మధ్య వేడితో అతికించే ల్యామినేషన్ అన్నింటికన్నా ప్రమాదకరం, ఎందుకంటే ఆమ్లం లోపలే బందీ అయి కాగితాన్ని తినేస్తుంది, పొరను విడదీయాలంటే కాగితమే చిరుగుతుంది. ఆయుర్దాయం గురించి ప్రపంచాన్ని హెచ్చరించిన బారో స్వయంగా సెల్యులోజ్ ఎసిటేట్ పొరలతో పత్రాలను అతికించే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. యంత్రం అవసరం లేకుండా ఎసిటోన్ ద్రావణితో చేతితోనే అతికించే విధానాన్ని భారత జాతీయ అభిలేఖాగారం రూపొందించగా అది దేశమంతటా వ్యాపించింది. ఆ పొర కూడా కాలక్రమంలో క్షీణించి ఎసిటిక్ ఆమ్లాన్ని విడుదల చేస్తుందని తరువాత తేలింది. ఆనాటి నిపుణులు సదుద్దేశంతో, అందుబాటులో ఉన్న విజ్ఞానంతో పనిచేశారు. ఈనాటి అధికారులకు అంతకు మించిన విజ్ఞానం అందుబాటులో ఉంది, గనుక అదే పొరపాటుకు అదే మన్నన లభించదు.

ఆ అనుభవం నుంచి పుట్టిన నియమం ఒక్కటే: చేసిన ఏ మరమ్మతునైనా, అవసరమైతే, మూలవస్తువుకు హాని లేకుండా తిరిగి తీసివేయగలగాలి. అందుకే సంరక్షకులు చిరుగులను పొడవైన నారగల పలుచని జపాను కాగితంతో, గోధుమపిండి నుంచి తీసిన శుద్ధమైన జిగురుతో అతుకుతారు, తడి తగిలిస్తే ఆ అతుకు సులభంగా ఊడివస్తుంది. ఆమ్లాన్ని హరించడానికి కాల్షియం లేదా మెగ్నీషియం లవణాల పలుచని ద్రావణంతో పుటలను శుద్ధిచేస్తారు, దానివల్ల పోయిన బలం తిరిగి రాకపోయినా ఇకముందు జరిగే క్షయం బాగా మందగిస్తుంది. సిరా కరుగుతుందో లేదో ముందుగా పరీక్షించి, పుట పుటనూ విడిగా చూసుకుని చేయవలసిన నైపుణ్యమిది. ఈ పనిని అతి తక్కువ ధర కోట్ చేసిన బైండింగు కాంట్రాక్టరుకు టెండరు ద్వారా అప్పగించడం రోగికి శస్త్రచికిత్సను వేలం వేయడంతో సమానమైన అపచారం.

ఇంత ఖరీదైన చికిత్స లక్షల పుస్తకాలకు ఎలా సాధ్యమని మీరు అడగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం కూడా ఈ విద్యలోనే ఉంది. 1966 నవంబరు 4న ఆర్నో నది పొంగి ఇటలీలోని ఫ్లారెన్స్ జాతీయ గ్రంథాలయంలో పది లక్షలకు పైగా పుస్తకాలను, పత్రాలను, పత్రికలను బురదలో ముంచినప్పుడు అనేక దేశాల నుంచి వచ్చిన నిపుణులు, విద్యార్థులు అక్కడ నేర్చుకున్న పాఠాలే ఆధునిక గ్రంథ సంరక్షణకు పునాది వేశాయి. వాటిలో ముఖ్యమైనది దశలవారీ సంరక్షణ: అన్నింటికీ పూర్తి చికిత్స సాధ్యం కాదు గనుక ముందు అన్నింటికీ స్థిరమైన ఆశ్రయం కల్పించి, అత్యంత అరుదైనవాటికి మాత్రమే చికిత్స చేయడం. మెత్తని కుంచెతో దుమ్ము తుడిచి, ఆమ్లం లేని అట్టపెట్టెలో ఉంచి, కురిసే కప్పుకింద నుంచి, ఎండపడే కిటికీ పక్కనుంచి, నేలను తాకే అర నుంచి తొలగించి, తేమను 65 శాతం దాటనివ్వకుండా గాలి ఆడేలా చూస్తే పుస్తకం ఆయుష్షు దశాబ్దాలు పెరుగుతుంది. దీనికి కావలసినది భారీ నిధుల కన్నా ముందు శిక్షణ పొందిన సిబ్బంది, క్రమం తప్పని తనిఖీ. లక్నోలో సాంస్కృతిక సంపద సంరక్షణ జాతీయ పరిశోధనశాల, ఢిల్లీలో జాతీయ అభిలేఖాగారపు శిక్షణ విభాగం ఉన్నాయి, హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి సొంత సంరక్షణశాల ఉంది. ప్రతి జిల్లా నుంచి ఒక్కొక్క ఉద్యోగిని అటువంటి చోటికి శిక్షణకు పంపడానికి అడ్డుపడుతున్నది ఏమిటి?

వరద, తుపాను గురించిన సన్నద్ధత మరీ అత్యవసరం. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన హైదరాబాదులోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం మూసీ ఒడ్డున నిలిచి ఉంది. 1977 దివిసీమ ఉప్పెన, 2014 హుద్‌హుద్ తుపాను, 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు వరద తీరాంధ్రకు నీటి ముప్పు ఎంత నిత్యమో పదేపదే చెప్పాయి. తడిసిన పుస్తకం మీద సుమారు రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది, ఆలోగా దానిని గడ్డకట్టించే చలిలో ఉంచగలిగితే క్షయం అక్కడే ఆగి, తరువాత నెమ్మదిగా, నిపుణుల సమక్షంలో ఆరబెట్టే వీలు దొరుకుతుంది. కాకినాడ, భీమవరం, విశాఖపట్నం ప్రాంతాల రొయ్యల శుద్ధి కర్మాగారాలలో సున్నాకు చాలా దిగువన పనిచేసే శీతల గదులున్నాయి. ఆపద వేళ ఆ గదులలో కొంత చోటు ఇచ్చేలా యాజమాన్యాలతో ముందుగానే ఒప్పందం కుదుర్చుకోవడానికి ఒక్క లేఖ, ఒక్క సమావేశం చాలు. ఆ లేఖను ఇంతకాలం ఏ కార్యాలయమైనా రాసిందా?

పాత పుస్తకాలను అడిగే పాఠకులు తగ్గిపోయారన్న మాట కూడా ఈ చర్చలో వినిపిస్తుంది. గ్రంథాలయంలో పోటీపరీక్షల పుస్తకాలకు చోటు కావాలన్న ఒత్తిడి వాస్తవమే, ఉద్యోగం కోసం తపించే యువతీయువకుల అవసరం న్యాయమైనదే. అయితే పాత పుస్తకం విలువను అది నెలకెన్నిసార్లు అరువు వెళ్లిందన్న లెక్కతో తేల్చలేరు. ఒక పత్రిక సంపుటాన్ని ముప్పై ఏళ్లలో ఒక్క పరిశోధకురాలే తెరిచి, దాని ఆధారంగా ఒక ప్రాంతపు రైతుపోరాటాన్నో, మరుగునపడిన రచయిత్రినో చరిత్రలోకి తీసుకురాగలిగితే, ఆ ఫలితం వేలాది పాఠకులకు పాఠ్యపుస్తకంగా చేరుతుంది. చోటు చాలని శాఖా గ్రంథాలయం తన పాత ప్రతిని జిల్లా కేంద్రానికి, అక్కడినుంచి రాష్ట్రస్థాయి సంరక్షణాలయానికి పంపించే మార్గం ఉండాలి. ఆ మార్గం లేకపోవడం వల్లనే ఎక్కడికక్కడ పుస్తకం చిత్తుకాగితమవుతున్నది. తాటాకు ప్రతులు రాసిన పూర్వపు లేఖకులు గ్రంథాంతంలో, నూనె నుంచి, నీటి నుంచి, వదులైన కట్టు నుంచి తమ ప్రతిని కాపాడమని పాఠకుణ్ణి వేడుకునేవారు. జీతభత్యాలు లేని ఆ లేఖకుడికి ఉన్నపాటి ఆవేదన, చట్టమూ నిధులూ సిబ్బందీ ఉన్న వ్యవస్థకు ఉండనక్కరలేదా?

ఈ కారణాలన్నింటి దృష్ట్యా తెలుగు పాఠకుల పక్షాన మీ ముందు కొన్ని నిర్దిష్టమైన కోరికలున్నాయి. 1950కి ముందు అచ్చయిన ప్రతి తెలుగు పుస్తకం, పత్రిక తొలగింపును రెండు రాష్ట్రాల్లోనూ ఉత్తర్వు ద్వారా తక్షణం నిలిపివేయాలి, స్కాన్ అయినా కాకపోయినా ఈ నిషేధం వర్తించాలి. స్వతంత్ర గ్రంథాలయాలను, విశ్వవిద్యాలయాలను కలుపుకొని పాత ముద్రణల ఉమ్మడి పట్టికను రెండు ప్రభుత్వాలూ కలిసి తయారుచేయాలి, ఎందుకంటే 2014లో పాలన విడిపోయినా 1950కి ముందరి తెలుగు ముద్రణ చరిత్ర రెండుగా విడిపోదు. గ్రంథాలయ సెస్సులో ఒక స్థిరమైన వాటాను కాగితం సంరక్షణకే కేటాయించి, దాని ఖర్చును ఏటా ప్రకటించాలి. ఒక్కొక్క రాష్ట్రంలో కనీసం ఒక సంరక్షణశాలను శిక్షితులైన నిపుణులతో నెలకొల్పాలి, అప్పటివరకు సెల్లోటేపు, ల్యామినేషన్, అంచుల కోత అన్ని శాఖల్లోనూ నిషేధించాలి. ఇకముందు చేసే స్కానింగు పూర్తి రంగుల్లో, అట్టలు, ప్రకటనలు సహా, పుట పుటా సరిచూసి జరగాలి, ఆ ప్రతులను కనీసం మూడు వేర్వేరు చోట్ల ప్రభుత్వ బాధ్యతపై భద్రపరచాలి.

ఇవేవీ అసాధ్యమైన కోరికలు కావు, వీటిలో మొదటిదానికి రూపాయి ఖర్చు కూడా లేదు. ఒక విధానం నిజాయతీని పరీక్షించేది దాని చివరి అంచెలో, పుస్తకాన్ని రిజిస్టరు నుంచి కొట్టివేసే క్షణంలో. అందువల్ల ఇకపై ఏ పాత పుస్తకాన్ని తొలగించే కాగితం మీదనైనా, అదే ముద్రణకు చెందిన మరో మంచి ప్రతి ఏ గ్రంథాలయంలో, ఏ సంఖ్యతో, ఏ స్థితిలో ఉందో రాసి, దాని కింద బాధ్యుడైన అధికారి తన పేరు, హోదా, తేదీ వేయాలన్న నిబంధన తీసుకురండి. ఆ వివరం రాయలేని పక్షంలో ఆ పుస్తకాన్ని కదిలించే అధికారం శాఖాధిపతితో సహా ఎవరికీ లేదని ఆ ఉత్తర్వులోనే స్పష్టం చేయండి.

ఇట్లు,
తెలుగు గ్రంథాలయాల పాఠకుల పక్షాన